కథ వ్రాయుట నేర్పెడి తరగతి



గోదావరీ తీరమునుండి యొక సోదరి తన జాబులో నొక సందేహము వెలిబుచ్చినది. ఆమె కొమార్తె విశ్వవిద్యాలయమున నాంగ్ల సాహిత్యము నభ్యసించుచున్నదట. రాబోవు సంవత్సరమున నైచ్ఛికముగా నెన్నుకొనవలసిన పాఠ్యాంశములలో ఆంగ్లమున 'సృజనాత్మక రచన' యనునది యొకటి గలదు. బాలిక దానినే కోరుచున్నది. "కథలు వ్రాయుటకు గూడ పాఠములా? దేవుడిచ్చినవారికి వచ్చును, ఈయనివారికి రాదు. భాషాశాస్త్రమో మరియొకటో తీసికొన్న నుద్యోగమునకైన పనికివచ్చును" అని తాతగారు వారించుచున్నారు. తల్లికి ఎటు చెప్పుటకును తోచలేదు. మా యింట బడిపంతులుగారున్నారు గనుక మాకు తెలిసియుండునని వ్రాసినది. మా వారు గణితము చెప్పువారు. "ఇది నా శాఖ కాదు" అని తప్పించుకొనిరి. కావున నీ మాసము ఆ భారము నామీదనే పడినది.

తాతగారి మాట క్రొత్తది కాదు. మన మొల్ల తన రామాయణ పీఠికలో తనకు శాస్త్రములు తెలియవనియు, శ్రీకంఠ మల్లేశ్వరుని కృపచేతనే కవిత్వము చెప్పగల్గితిననియు విన్నవించుకొన్నది. తరిగొండ వెంగమాంబ యైతే తనకు ఓనమాలైనను చెప్పిన గురువు లేడని వ్రాసికొన్నది. ఈ మాటలను పట్టుకొని "చూచితిరా, చదువుతో పనిలేదు" అనువారు గలరు. నాకట్లు తోపదు. మొల్ల పద్యములలోని పదముల కూర్పు, యతుల సులువు, ఇవి యేండ్ల తరబడి వినక, పలుకక, దిద్దుకొనక వచ్చునవి కావు. ఆ కాలమున నొక స్త్రీ "నేను చదివితిని" అని సభలో చెప్పుకొనుటకంటె "దేవుడు చెప్పించెను" అని చెప్పుకొనుట నిరపాయము. వినయమునకు తోడు జాగ్రత్త గూడ నుండియుండునని నా యూహ.

మన యాలంకారికులు మాత్ర మీ విషయమున దాపరికము చూపలేదు. సహజమైన ప్రతిభ, నిర్మలమైన పాండిత్యము, విడువని యభ్యాసము అను మూడింటిని దండి చెప్పెను. పుట్టుకతో ప్రతిభ లేకున్నను చదువుతోడను యత్నముతోడను సేవించిన వాగ్దేవి కొంత యనుగ్రహము చూపక మానదని గూడ నభయమిచ్చెను. కావ్యమెరిగినవారి యొద్ద శిక్షపొంది చేయు నభ్యాసమును మమ్మటుడు కావ్యహేతువులో చేర్చెను. కాశ్మీరమున 11వ శతాబ్దియందున్న క్షేమేంద్రుడు కవి కాగోరువానికొక పాఠ్యగ్రంథమే వ్రాసెను. అర్థము లేని పదములతోనైనను వృత్తమును నింపి చేయి తిప్పుకొనుట అందులో నొక సాధన. శిష్యులు మూడు తెగలట: కొద్ది శ్రమతో వచ్చువారు, మిక్కిలి శ్రమతో వచ్చువారు, ఏమి చేసినను రానివారు. ఈ మూడవవారిని గూర్చి, నేర్పినంత మాత్రాన గాడిద పాడదని యాయన తేల్చివేసెను. తాతగారి పక్షమున నీ యొక్క మాటను లెక్కకు తీసికొందము.

వీరందరికంటె నాకు ప్రియమైనవాడు 10వ శతాబ్ది తొలినాళ్ల రాజశేఖరుడు. పురుషులవలె స్త్రీలును కవులు కావచ్చుననియు, సంస్కారము ఆత్మకు సంబంధించినదే గాని ఆడ మగ భేదము నెరుగదనియు కావ్యమీమాంసలో స్పష్టముగా వ్రాసెను. తన భార్యయగు అవంతిసుందరి యభిప్రాయములను పేరుపెట్టి యుదాహరించెను. కవి దినచర్యను నాలుగు జాములుగా విభజించి, ఉదయము చదువు, పిదప రచన, భోజనానంతరము కావ్యగోష్ఠి, నాలుగవ జామున నొంటరిగానో కొద్దిమంది నడుమనో ఉదయమున వ్రాసినదానిని పరీక్షించుకొనుట అని నియమించెను. రసావేశముతో వ్రాయువేళ మంచిచెడులు కానవచ్చు దృష్టి యుండదు గనుక తరువాత చూచుకొనవలెనని కారణము గూడ చెప్పెను. క్రొత్త కావ్యమును ఒక్కనియెదుట మాత్రము చదువరాదట. అది తనదేయని వాడన్నచో సాక్ష్యమెవరు? ఈ హెచ్చరిక చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. వేయి యేండ్ల క్రిందటను కథలు దొంగిలించువారుండిరన్నమాట.

ఆ నాలుగవ జాము గోష్ఠివంటిదే నేడు ఆంగ్ల దేశములలో విశ్వవిద్యాలయముల తరగతియైనది. వారు మన గ్రంథము చూచి చేసిరని నే ననను. వారి దారి వేరు. అమెరికా నడుమ మొక్కజొన్న చేల రాష్ట్రమైన అయోవాలో, అయోవా సిటీ యను చిన్న పట్టణముననున్న విశ్వవిద్యాలయము 1897లోనే పద్యము కట్టుట నేర్పు తరగతి యొకటి నడపినది. 1922లో అచ్చటి ఉన్నత విద్యాశాఖాధిపతి కార్ల్ సీషోర్, పరిశోధనవ్యాసమునకు మారుగా కావ్యమునుగాని కథలనుగాని సమర్పించిన పట్టమీయవచ్చునని ప్రకటించెను. 1936లో విల్బర్ ష్రామ్ నాయకత్వమున 'రైటర్స్ వర్క్‌షాప్' అను శాఖ యేర్పడినది. వర్క్‌షాప్ అనగా పనివాని కొట్టము. వడ్రంగి చెక్కపొట్టు నడుమ కూర్చుండునట్లు కథకుడు తన చిత్తుప్రతుల నడుమ కూర్చుండు చోటు. సరస్వతీ మందిరమనియో మరియొకటియో గంభీరముగా పిలువక ఈ పేరు పెట్టుట నాకు నచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ తరగతులు నదీతీరమున ఇనుపరేకుల గుడిసెలలో జరిగెను.

పద్ధతి యేమన, పది పండ్రెండుగురు విద్యార్థులు. ఒకరు వ్రాసిన కథకు ప్రతులు తీసి ముందుగానే తక్కినవారికి పంచిపెట్టుదురు. వారు ఇంటివద్ద చదివి, అంచులలో తమకు తోచినవి గుర్తించుకొని వత్తురు. తరగతిలో బల్లచుట్టు కూర్చుండి కథ నెక్కడ నమ్మితిమి, ఎక్కడ నమ్మలేదు, ఏ పాత్ర మాట ఆ పాత్ర నోటికి సరిపోలేదు అని చర్చింతురు. అంతసేపును వ్రాసినవారు నోరు విప్పరాదు. కథ యచ్చుపడి దూరదేశమునకు పోయినప్పుడు దానివెంట మీరు పోయి సంజాయిషీ చెప్పలేరు గదా, కాగితముమీద నున్నదే పలుకవలెను అని యీ నియమమునకు కారణము చెప్పుదురు. గురువు తుదను తన మాట చెప్పును. మధ్యమధ్య సాధనలుండును: విశేషణములు లేక ఒక గదిని వర్ణించుడు, ఒక కలహమును మొదట తల్లి నోట, పిదప బిడ్డ నోట చెప్పుడు, బండిలో విన్న సంభాషణ వ్రాసి తెండు. క్షేమేంద్రుడు దీనిని చూచిన సంతోషించియుండును.

1941 మొదలు 1965 వరకు దీనిని నడపినవాడు పాల్ ఎంగిల్ అను కవి. 1945లో దక్షిణపు జార్జియా రాష్ట్రమునుండి ఫ్లానరీ ఓకానర్ అను ఇరువదియేండ్ల యువతి ఆయన గదికి వచ్చి యేమో చెప్పినది. ఆమె యాస ఆయనకు ఒక్క ముక్కయు నర్థము కాలేదు. ఆమెదియు ఆంగ్లమే, ఆయనదియు ఆంగ్లమే! కాగితమిచ్చి వ్రాయుమనగా, తనను ఈ తరగతిలో చేర్చుకొందురాయని వ్రాసి యిచ్చినది. తరగతిలోను మౌనియే, ఆమె కథలను ఆయనయే చదివి వినిపించెడివాడు. 1947లో పట్టము పొందినది. పిదప లూపస్ అను వ్యాధి సోకగా తల్లితో పల్లెటూరి క్షేత్రమున నెమళ్లను పెంచుకొనుచు, ప్రతి యుదయము కొన్ని గంటలు తప్పక వ్రాయుచు, 1964లో 39వ యేట మరణించినది. ఆమె కథలలోని జనులు ఆ అర్థముకాని యాసతోనే మాటలాడుదురు.

నేను మన సోదరీమణులకు ముఖ్యముగా చెప్పదలచినది మరియొకామెను గూర్చి. మార్గరెట్ వాకర్ 1915లో అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి కుటుంబమున జన్మించినది. తండ్రి మతబోధకుడు, తల్లి సంగీతము నేర్పునది. ఇంట నమ్మమ్మ యుండెను. ఆమె రాత్రివేళ మనుమరాలికి చెప్పినవి రాకుమారుల కథలు కావు. తన తల్లి బానిసగా బ్రతికిన దినముల కథలు. పిల్లకు ఇట్టి కట్టుకథలేలయని పెద్దలన్నను ముసలామె ఒప్పుకొనలేదు. తాను చెప్పునది నిజమనెను. ఆ కథ నెన్నటికైన గ్రంథముగా వ్రాయవలెనని బాలిక నిశ్చయించుకొన్నది.

1939లో అయోవాకు చదువ వచ్చినపుడు అచ్చటి విద్యార్థుల వసతిగృహములలో నల్లవారికి చోటు లేదు. ఆమెయు, పిదప శిల్పిగా ఖ్యాతికెక్కిన ఎలిజబెత్ కాట్లెట్టును పట్టణమున గది యద్దెకు తీసికొని యుండిరి. తరగతిలో కుర్చీ యిచ్చి, రాత్రి తలదాచుకొన చోటీయని విద్యాలయమది. 1940లో 'ఫర్ మై పీపుల్' అను కావ్యసంపుటమునే పట్టమునకు సమర్పించెను. 1942లో దానికి యేల్ విశ్వవిద్యాలయపు యువకవి బహుమతి వచ్చినది. నల్లజాతి స్త్రీకి అది వచ్చుట అదియే మొదలు. మరుసటి సంవత్సరము వివాహము. నలుగురు బిడ్డలు. 1949 నుండి మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ కళాశాలలో ఉపాధ్యాయవృత్తి. అమ్మమ్మ కథ వ్రాయుట కళాశాల విద్యార్థినిగా నున్ననాడే యారంభించినది. కాని పాఠములు, దిద్దుటలు, వంట, పిల్లల జ్వరములు. ఎడము దొరికినప్పుడు పాత పత్రములు వెదకినది, తన పూర్వులు నివసించిన ఊళ్లు చూచినది. ఇట్లు సుమారు 30 సంవత్సరములు గడచెను.

ఆ పిమ్మట ఆమె మరల అయోవాకు విద్యార్థినియై వెళ్లినది! సామగ్రి యంతయు చేతనున్నది. దానిని చరిత్రపాఠమువలె గాక కండ్లకు కట్టు కథగా మలచుటయే కావలసినది. ఆ పని నేర్చుకొనుటకే బడికి పోయినది. 1965లో నవలనే పరిశోధనగ్రంథముగా సమర్పించి డాక్టరు పట్టము నందుకొన్నది. 1966లో 'జూబిలీ' యను పేర నది వెలువడెను. నాయిక వైరీ దొరగారింట వంట చేయు బానిస. ఏ ఆకు ఏ నొప్పికి కషాయము, ఉన్న పిండితో నెందరికి వండవలెను, ప్రసవమున నేమి చేయవలెను అను నింటి విద్యలన్నియు నా గ్రంథమున కథలో కథగా నున్నవి. ఇవి యే ఆచార్యుడును నేర్పగలిగినవి కావు. వీనినెక్కడ నుంచవలెను, ఎంత చెప్పి యెక్కడ నాపవలెను అనునది మాత్రము నేర్పదగినది. బడిలో నేమి వచ్చును, ఇంట నేమి వచ్చును అని యడిగినవారికి నేనీ గ్రంథము పేరు చెప్పుదును.

ఇంగ్లండున ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయము 1970లో ఇట్టి తరగతి తెరచినది. మాల్కమ్ బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ అనువారు గురువులు. మొదటి సంవత్సరము శిష్యుడొక్కడే, ఇయాన్ మెక్‌ఎవన్. జపానున నాగసాకిలో పుట్టి అయిదవయేట ఇంగ్లండు చేరిన కజువో ఇషిగురో 1980లో అచ్చట పట్టము పొందెను. 1982లో వెలువడిన ఆయన మొదటి నవలను చెప్పునది ఇంగ్లండున నివసించు నొక జపాను తల్లి. 2017లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

మన బాలికలకు మరియొక చిక్కు గలదు. వారు వ్రాయుట ఆంగ్లమున; కలలు కనుట తెలుగున. మా వీథిలో విశ్వవిద్యాలయమున చదువు నొక అమ్మాయి తన మొదటి కథ నాకు చూపినది. అందులో కిటికీ వెలుపల మంచు కురియుచున్నది, నాయిక కేకు తినుచు టీ త్రాగుచున్నది. అమ్మాయిది ఏలూరు, మంచు నెన్నడును చూచి యెరుగదు. ఆమె యుపాధ్యాయిని దోషములేవియు దిద్దక, "ఈ కిటికీ ఏ యింటిది?" అని మాత్రమడిగినదట. తరువాతి కథలో వానకు కారు పాతయిల్లు వచ్చినది. చినుకుల క్రింద నొకచోట ఇత్తడి బిందె, నొకచోట సత్తు తప్పెల, నొకచోట పిల్లవాని పాలగ్లాసు, ఒక్కొక్కదాని చప్పుడొక్కరీతి. నిద్రపట్టని తల్లి ఆ చప్పుళ్లను బట్టి యే పాత్ర నిండినదో పడుకొన్నచోటునుండియే చెప్పును. ఆంగ్లము మొదటి కథలోనిదే. రెండవదానిలో నది బ్రతికినది.

అయినను మాటల కొరత తీరదు. మేనత్త, పినతల్లి, పెద్దతల్లి, మేనమామ భార్య అందరును ఆంగ్లమున 'ఆంటీ'యే. మేనత్త యొచ్చినప్పుడు తల్లి ముఖమున కలుగు మార్పు, పినతల్లి వచ్చినప్పటి మార్పు ఒకటియేనా? మడికి మాట యున్నదా, ఎంగిలికి మాట యున్నదా? మంచి యుపాధ్యాయులు ఈ మాటలను తీసివేయుమనరు. ప్రక్కన నర్థము వ్రాయుమనియు ననరు. తడిబట్టతో వంటయింటికి పోవు ముసలామె, పరుగున వచ్చిన మనుమడు, ఆమె వెనుకకు గెంతుట చూపినచో మడి యనగా నేమో లండనులోనివారికిని తెలియును. రాజారావుగారు 1938లో ప్రకటించిన 'కాంతాపుర' నవలలో కన్నడ పల్లె కథ నంతయు నొక వృద్ధవితంతువు నోట, స్థలపురాణము చెప్పు ధోరణిలో, ఆంగ్లమున చెప్పించిరి. మాతృభాష మలయాళమైన మీనా అలెగ్జాండర్ 1970వ దశకమున హైదరాబాదులో బోధించి, పిదప న్యూయార్కున హంటర్ కళాశాలలో బహుకాలము ఆచార్యురాలై యుండి 2018లో మరణించెను. ఆమె ఆంగ్ల కవితలలో వదలివచ్చిన ఊళ్లును, విన్న భాషలును వెంటవచ్చుచునే యుండును.

ఇక లోపములు. పండ్రెండుగురిలో నొక్కతెయే వేరు సంఘమునుండి వచ్చినదనుకొనుడు. ఆమె కథలోని ఆచారము తక్కిన పదునొకండుగురికి తెలియదు. "ఇది నమ్మశక్యముగా లేదు" అని వారందురు. ఆమె నోరు మెదపరాదు! తెలియనివారు తీర్పు చెప్పుచుండ తెలిసినది మౌనముగా నుండవలెను. ఈ యన్యాయమును గూర్చి 2021లో మాథ్యూ సలెసెస్, ఫెలీషియా రోజ్ చావెజ్ అను ఇరువురు ఉపాధ్యాయులు వేర్వేరు గ్రంథములు వ్రాసిరి. ఏది సహజము, ఏది యసహజము అనునది చదువరి పుట్టిపెరిగిన యింటిని బట్టి యుండునని సలెసెస్ వాదము. నాకది న్యాయముగా తోచినది. మౌననియమమునకు చెప్పెడి కారణము వినసొంపుగా నున్నను, అది మొదటినుండి నోరున్నవారికి తగిన నియమమే గాని, నోరు లేనివారికి కాదు.

మరియొక పద్ధతి గలదు. లిజ్ లెర్మన్ అను నృత్యాచార్యురాలు 1990లో దానిని కల్పించినది. ఇప్పుడు రచనాతరగతులలోను వాడుచున్నారు. మొదట, చూచినవారు తమ మనస్సున నిలిచినదేమో చెప్పవలెను. పిదప కర్త తన సందేహములు తానే యడుగును. ఆ పిమ్మట తక్కినవారు ప్రశ్నింపవచ్చును గాని ప్రశ్నలో తీర్పు దాగి యుండరాదు. తుదకు, కర్త యనుమతించిననే యభిప్రాయము చెప్పవలెను. తీర్పు దాగిన ప్రశ్న యనగా మనకు కొత్తయా? "పులుసింత పుల్లగా చేసితివేమమ్మా?" అని అత్తగారడిగినది ప్రశ్న కాదు. "చింతపండెంత నానవేసితివి?" అనునది ప్రశ్న. మొదటిదానికి కోడలికి కంటనీరు వచ్చును. రెండవదానికి సమాధానము వచ్చును, మరునాడు పులుసు బాగుపడును.

ఉద్యోగము మాట. ఈ పాఠము చదివినంతమాత్రమున నెవరును పిలిచి కొలువీయరు. ఈ విద్యలో ఉన్నత పట్టములు పొందినవారిలో పలువురు మరల నిదియే బోధించుచు జీవింతురు. ఒక పాఠ్యాంశముగా చదివినవారికి ఇతరుల వ్రాతను శ్రద్ధగా చదువుట, తన వ్రాతను కొట్టివేయగల ధైర్యము అబ్బును. పత్రికలకు, ప్రకటనలకు, బడిపాఠములకు నది పనికివచ్చును. అంతకుమించి యాశ పెట్టుట తగదు.

తాతగారు చెప్పని భయము మరియొకటి యుండునని నా యనుమానము. ఇంటి కథ వ్రాయుమని గురువు చెప్పును; బాలిక ఇంటి గుట్టు వ్రాయును. పెదనాన్నగారి అప్పు, పుట్టింటికి తిరిగివచ్చిన మేనత్త దుఃఖము, పండ్రెండుగురి చేతులలో ప్రతులై తిరుగును. ఇది చిన్న భయము కాదు. వాకర్ కథను ఆమె అమ్మమ్మ తానై యిచ్చినది, ముందు తరములకు తెలియవలెనని కోరియిచ్చినది. మన యింట మేనత్త అట్లిచ్చినదా? ఈయనిచో పేరు, ఊరు మార్చినను ఇంటివారు గుర్తుపట్టుదురు. అందుచేత వ్రాయనే వద్దనుట గూడ నాకు సమ్మతము కాదు; స్త్రీల దుఃఖములన్నియు గుట్టు పేర మూతపెట్టిన పాత్రలలోనే పులిసిపోయినవి గదా! బాలిక వ్రాయనిండు. తరగతిలో పంచుటకు ముందు ఆ మేనత్తకు తెలుగున చదివి వినిపింపుమని తల్లి చెప్పవలెను. ఆమె వలదన్న పంక్తులు తీసివేయవలెను. ఆమె "అది యట్లు జరుగలేదు, ఇట్లు జరిగినది" అని చెప్ప మొదలిడిన, అంతకంటె మంచి పాఠము ఏ విశ్వవిద్యాలయమునను దొరకదు.

కోరిక పత్రమున సంతకము చేయుటకు ముందు, బాలిక వ్రాసిన దేదైన నొకటి తాతగారికి గూడ వినిపింపుడని ఆ సోదరికి వ్రాసితిని. ఆయన పుల్లగా నున్నదనరాదు. చింతపండు సంగతి మాత్రమే యడుగవలెను.